భాష అబ్బడంలో నమ్మకం వాటా ఎంత?

“నాకు భాషలు అబ్బవండీ” అనే మాట విదేశీ భాష నేర్పే ఏ తరగతిలోనైనా మూడో నాలుగో వారానికల్లా వినబడుతుంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నాల్లో జర్మన్ నేర్చుకుంటున్న నర్సింగ్ పట్టభద్రుల నోట వినబడినప్పుడు దానికి బరువు ఎక్కువ. జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా బి2 స్థాయి (యూరప్ భాషా కొలమానంలో బి1 తర్వాతి మెట్టు) జర్మన్ వచ్చినట్టు చూపించాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఇలాంటి వారికి భాషా శిక్షణ ఇప్పిస్తోంది, ప్రైవేటు కోచింగ్ సెంటర్లూ ఉన్నాయి. ఉద్యోగం, వీసా, ఇంట్లో చేసిన అప్పు అన్నీ ఒక్క భాష మీద వేలాడుతున్నప్పుడు “నాకు రాదు” అనుకుని మధ్యలో మానేస్తే జరిగే నష్టం చిన్నది కాదు.

ఆ నమ్మకాన్ని మారిస్తే భాష దానంతటదే వస్తుందనే వాదం ఇప్పుడు బాగా ప్రచారంలో ఉంది. దాని పేరు గ్రోత్ మైండ్‌సెట్. సామర్థ్యం పుట్టుకతో ఆగిపోదని, సాధన వల్ల, మంచి పద్ధతి వల్ల, తెలిసినవారి సాయం వల్ల పెరుగుతుందని నమ్మడం అది. ఎవరికెంత రాసిపెట్టి ఉంటే అంతే అనుకోవడం ఫిక్స్‌డ్ మైండ్‌సెట్. టీచర్ల శిక్షణ శిబిరాల్లోనూ వ్యక్తిత్వ వికాస ప్రసంగాల్లోనూ ఈ రెండు మాటలూ నలిగిపోయాయి. కానీ ఆధారాలు అంత ఉత్సాహపరిచేలా లేవు. వాటిని వరసగా చూస్తే నాకు అర్థమైనది ఇది: నమ్మకానికి వాటా ఉంది, కానీ అది చిన్నది. వెనకబడిన వారికి కాస్త ఎక్కువ, మిగతావారికి దాదాపు లేనట్టే. విదేశీ భాష విషయంలో తరగతిలో తప్పు దిద్దే తీరు మారకపోతే ఆ చిన్న వాటా కూడా దక్కకపోవచ్చు.

పేరు తెచ్చిన ప్రయోగాలు, తర్వాత వచ్చిన లెక్కలు

ఈ ఆలోచనకు ఆద్యురాలు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రవేత్త కరోల్ డ్వెక్. క్లాడియా ముల్లర్‌తో కలిసి ఆమె 1998లో ప్రచురించిన అధ్యయనంలో అమెరికా ఐదో తరగతి పిల్లలకు కొన్ని పజిల్స్ ఇచ్చారు. బాగా చేశారని పిల్లల్ని మెచ్చుకున్నారు గానీ, కొందరితో “నీకు తెలివి ఎక్కువ” అన్నారు, మరికొందరితో “బాగా కష్టపడ్డావు” అన్నారు. తర్వాత కావాలనే కొరుకుడుపడని పజిల్స్ ఇచ్చారు. తెలివికి మెప్పు పొందిన పిల్లలు అక్కడ డీలాపడ్డారు. మళ్లీ తేలిక పజిల్స్ ఇచ్చినా మొదటిసారి కన్నా తక్కువే చేశారు. కష్టానికి మెప్పు పొందినవారు మెరుగుపడ్డారు. 2007లో లీసా బ్లాక్‌వెల్‌తో పాటు డ్వెక్ బృందం న్యూయార్క్‌లోని ఏడో తరగతి పిల్లలతో మరో ప్రయోగం చేసింది. పిల్లల్ని రెండు గుంపులు చేసి రెండింటికీ చదువు మెళకువలు నేర్పారు. ఒక గుంపుకు మాత్రం అదనంగా, సాధన చేసేకొద్దీ మెదడు పెరుగుతుందని బోధించారు. ఆ గుంపు లెక్కల మార్కులు పడిపోవడం ఆగింది. ఈ రెండింటికీ మధ్య 2006లో వచ్చిన డ్వెక్ పుస్తకం ఆలోచనను ప్రయోగశాల దాటించి ప్రపంచమంతా తిప్పింది.

న్యూయార్క్ బోధనా ప్రయోగంలో ఉన్నది 91 మంది. అంత చిన్న సంఖ్య నుంచి వచ్చిన ఫలితం పెద్ద సంఖ్యల దగ్గర నిలబడుతుందా అన్నది తర్వాతి పదేళ్లలో తేలాల్సిన ప్రశ్న అయింది. 2018లో విక్టోరియా సిస్క్ బృందం అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను ఒకచోట చేర్చింది. మొత్తం 3,65,915 మంది వివరాల్లో మైండ్‌సెట్‌కూ చదువు ఫలితాలకూ ఉన్న సంబంధం 0.10గా తేలింది. అంటే విద్యార్థుల మధ్య మార్కుల తేడాల్లో ఒక శాతాన్ని మాత్రమే మైండ్‌సెట్‌తో ముడిపెట్టగలం. మైండ్‌సెట్ మార్చాలని చేసిన శిక్షణల ప్రభావం 57,155 మందిలో 0.08 ప్రామాణిక విచలనం. దీన్ని మామూలు మాటల్లోకి మారిస్తే, వంద మందిలో సరిగ్గా మధ్యన ఉన్న విద్యార్థి మూడు స్థానాలు పైకి జరుగుతాడన్నమాట.

2019లో ‘నేచర్’ పత్రికలో డేవిడ్ యేగర్ బృందం ప్రచురించిన ప్రయోగం ఈ కథలో అన్నిటికన్నా గట్టిది. అమెరికాలోని 65 ప్రభుత్వ పాఠశాలలు, దాదాపు 12 వేల మంది తొమ్మిదో తరగతి విద్యార్థులు. ఎవరు ఏ గుంపులో ఉండాలో లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. శిక్షణ మొత్తం కలిపి గంట లోపే, కంప్యూటర్ మీద. అంతకుముందు తక్కువ మార్కులున్న పిల్లల గ్రేడ్ సగటు నాలుగు పాయింట్ల కొలమానం మీద 0.10 పెరిగింది. దాదాపు ఖర్చు లేని గంట పనికి ఆ మాత్రం వస్తే దాన్ని తీసిపారేయలేం. అదే పత్రంలో ఇంకో సంగతి ఉంది, నా ఉద్దేశంలో భాషా టీచర్లకు అదే ముఖ్యం. కష్టమైన పనికి పూనుకోవడాన్ని తోటి విద్యార్థులు మెచ్చే బడుల్లోనే మార్కుల ఫలితం స్పష్టంగా కనిపించింది. చుట్టూ ఉన్నవాళ్లు వెక్కిరించే చోట కొత్త నమ్మకం మార్కుల దాకా రాలేదు.

మిగతా చోట్ల అనుభవం మిశ్రమంగా ఉంది. ఇంగ్లండ్‌లో ఎడ్యుకేషన్ ఎండోమెంట్ ఫౌండేషన్ 101 పాఠశాలల్లో ఆరో తరగతి పిల్లల మీద చేయించిన ప్రయోగంలో లెక్కల్లో గానీ ఇంగ్లిష్‌లో గానీ అదనపు ప్రగతి కనిపించలేదు. అర్జెంటీనాలోని సాల్టా రాష్ట్రంలో అలెహాండ్రో గనిమియన్ 202 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో చూశారు, అక్కడా ఫలితం లేదు. ముల్లర్, డ్వెక్‌ల మెప్పు ప్రయోగాన్ని చైనా పిల్లలతో మళ్లీ చేసి చూసిన లీ, బేట్స్ 2019లో దాదాపు ఖాళీ చేతులతో తిరిగొచ్చారు. 2023లో ఒకే పత్రికలో రెండు పెద్ద సమీక్షలు వచ్చాయి. బ్రూక్ మెక్‌నమారా, అలెగ్జాండర్ బర్గోయిన్ 63 అధ్యయనాలు తిరగేసి సగటు ప్రభావం 0.05 అన్నారు, మేలైన పద్ధతిలో చేసిన అధ్యయనాల్లో అదీ మిగలడం లేదన్నారు. మైండ్‌సెట్ పుస్తకాల వల్లో శిక్షణల వల్లో ఆదాయం వచ్చే పరిశోధకుల పత్రాల్లో మంచి ఫలితాలు ఎక్కువగా కనబడుతున్నాయని కూడా ఎత్తిచూపారు. జెనీ బర్నెట్ బృందం మాత్రం సగటును పట్టుకుని తీర్పు చెప్పొద్దంది. ఎవరికి పని చేస్తోంది, ఎవరికి చేయడం లేదన్నదే చూడాలని, వెనకబడిన వారిలో ప్రభావం కనిపిస్తోందని వాదించింది.

ఈ రెండు సమీక్షలూ ఒకదాన్నొకటి కొట్టేస్తున్నట్టు కనిపిస్తాయి గానీ, పెద్దగా ఆశ పెట్టుకోవద్దన్న దగ్గర రెండూ కలుస్తాయి.

భాష దగ్గర లెక్క వేరు

పైన చెప్పినవన్నీ ఎక్కువగా లెక్కల మార్కులు, మొత్తం గ్రేడ్ల గురించి. భాష దగ్గరికి వస్తే నమ్మకాలు అంత సులువుగా రెండు పెట్టెల్లో సర్దుకోవు. సారా మెర్సర్, స్టీఫెన్ ర్యాన్ 2010లో ఆస్ట్రియా, జపాన్‌లలో ఇంగ్లిష్ నేర్చుకుంటున్న కొద్దిమంది విశ్వవిద్యాలయ విద్యార్థులతో లోతుగా మాట్లాడారు. ఒకే మనిషి పదాలు, వ్యాకరణం కష్టపడితే వస్తాయని నమ్ముతూనే, ఉచ్చారణ మాత్రం పుట్టుకతో రావాల్సిందే అనుకోవచ్చని తేలింది. తెలుగువాళ్లు “నోరు తిరగదు” అనేది అచ్చం దీన్నే. వ్యాకరణం రాదని ఎవరూ తమ నోటిని నిందించరు.

కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో నైజెల్ లూ, కింబర్లీ నోయెల్స్ ఈ నమ్మకాలను కొలవడానికి ఒక ప్రశ్నావళి తయారుచేసి 2017లో ప్రచురించారు. అందులో మూడు పాయలున్నాయి. మాటల తెలివి అనేది పెరుగుతుందా, రెండో భాష నేర్చే నేర్పు పెరుగుతుందా, వయసు దాటితే భాష రాదా. మూడోది మనకు కొత్త కాదు. మొక్కై వంగనిది మానై వంగునా అని మన పెద్దలు ఎప్పుడో తేల్చేశారు. అంతకు ఏడాది ముందు ఇదే ఇద్దరూ విదేశీ భాషలు నేర్చుకుంటున్న 150 మంది విశ్వవిద్యాలయ విద్యార్థులకు చదవడానికి వ్యాసాలు ఇచ్చారు. కొందరికిచ్చిన వ్యాసం భాషా సామర్థ్యం పెరుగుతుందని చెప్పింది, మిగతావారికిచ్చింది అది మారదని చెప్పింది. మొదటిది చదివినవారు మార్కుల కన్నా నేర్చుకోవడం మీద గురి పెట్టారు, ఓటమి ఎదురైతే నిలబడతామన్నారు, భాష కొనసాగిస్తామన్నారు. బాగుంది. కానీ ఇవన్నీ చదివిన వెంటనే వాళ్లే చెప్పిన ఉద్దేశాలు. ఆరు నెలల తర్వాత వాళ్ల జర్మన్ వాక్యం ఎలా ఉందన్నది వేరే ప్రశ్న. భాషా మైండ్‌సెట్ పరిశోధనలో ఎక్కువ భాగం ఇలా ప్రశ్నావళుల మీద ఆధారపడినదే. దాన్ని చదివేటప్పుడు ఈ సంగతి మరవకూడదు.

విద్యార్థికి నమ్మకం ఇవ్వాలన్న ఆత్రంలో టీచర్లు అబద్ధం చెప్పే ప్రమాదం కూడా ఉంది. అందరూ సమానంగా నేర్చుకోగలరన్నది నిజం కాదు. భాష నేర్చే నేర్పును కొలిచే పరీక్షను జాన్ క్యారల్, స్టాన్లీ సాపన్ 1959లోనే తెచ్చారు. దశాబ్దాల ఫలితాలను సమీక్షించిన షావోఫెంగ్ లీ ఆ నేర్పుకూ భాషా ప్రావీణ్యానికీ సంబంధం 0.49 అని 2016లో లెక్కగట్టారు. మైండ్‌సెట్‌కున్న 0.10 పక్కన దీన్ని పెట్టి చూడండి. వయసు విషయంలోనూ అంతే. జాషువా హార్ట్‌షోర్న్, జాషువా టెనెన్‌బామ్, స్టీవెన్ పింకర్ ఆన్‌లైన్‌లో దాదాపు 6 లక్షల 70 వేల మంది రాసిన ఇంగ్లిష్ వ్యాకరణ క్విజ్‌ను విశ్లేషించారు. వ్యాకరణం పట్టే శక్తి 17.4 ఏళ్ల దాకా నిలకడగా ఉండి తర్వాత తగ్గుతోందని 2018లో చెప్పారు. ఇరవై మూడేళ్ల నర్సింగ్ విద్యార్థిని ఈ మాట విని బెంబేలెత్తనక్కర్లేదు. ఆ అధ్యయనం ప్రశ్న పుట్టుభాషగా మాట్లాడేవారితో సమానం కావడం గురించి. బి2 పరీక్ష అది అడగదు. వార్డులో రోగి చెప్పింది అర్థం చేసుకుని, షిఫ్ట్ మారేటప్పుడు రిపోర్టు సరిగ్గా ఇవ్వగలిగితే చాలు.

యాస సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవచ్చు. ముర్రే మన్రో, ట్రేసీ డెర్వింగ్ 1995లో, యాస బలంగా ఉన్నా మాట పూర్తిగా అర్థం కావచ్చని చూపించారు. యాస, అర్థమవడం రెండూ వేర్వేరు కొలతలు. కాబట్టి “నోరు తిరగదు” అన్న విద్యార్థికి “తిరుగుతుంది లే, నమ్ము” అని చెప్పడం కన్నా చేయదగిన పని ఒకటుంది. జర్మన్‌లో ‘ఉ’ మీద రెండు చుక్కలుండే అచ్చు తెలుగులో లేదు. పెదాలను ‘ఊ’ అనడానికి గుండ్రంగా చుట్టి, నాలుకను ‘ఈ’ అనేటప్పుడు ఉండే చోటే ఉంచి పలకమనాలి. ‘ఓ’కి పెదాలు చుట్టి ‘ఏ’ పలికితే చుక్కల ‘ఓ’ వస్తుంది. ఇది రాకపోతే ‘అందమైన’ అనే మాటా ‘అప్పుడే’ అనే మాటా రెండూ ‘షోన్’ అయిపోతాయి. పది నిమిషాల పని, చేతి అద్దం ఒకటి చాలు. పుట్టుకతో రావాల్సిందనుకున్నది నోట్లో పెదాలు, నాలుక ఎక్కడ ఉండాలన్న ప్రశ్నగా మారుతుంది.

మన దేశం గురించి ఒక మాట. అనీతా రత్తన్ బృందం 2012లో అమెరికన్లనూ భారతీయులనూ పోల్చింది. చాలా తెలివైనవారు కాగల శక్తి దాదాపు అందరికీ ఉంటుందని నమ్మేవారు భారతీయుల్లోనే ఎక్కువ. మన విద్యార్థుల సమస్య ఫిక్స్‌డ్ మైండ్‌సెట్టే అని ముందుగా తీర్మానించి కార్యక్రమం మొదలుపెట్టడం అందుకే తొందరపాటు. “నాకు భాషలు అబ్బవు” అనే మాట వెనక చాలాసార్లు ఉండేది ప్రతిభ గురించిన సిద్ధాంతం కాదని నా అభిప్రాయం. తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లిష్ క్లాసులో నోరు తెరిచి నవ్వులపాలైన అనుభవం అందులో ఉంటుంది.

తప్పు దిద్దే చోట ఏం జరుగుతుంది

బి1 తరగతి ఒకటి ఊహించండి. “నిన్న ఎందుకు రాలేదు?” అని టీచరమ్మ జర్మన్‌లో అడిగారు. “వైల్ ఇష్ వార్ క్రాంక్” అంది విద్యార్థిని. ఒంట్లో బాగోలేదు కాబట్టి రాలేదన్నది ఆమె భావం. ‘వైల్’తో మొదలైన వాక్యంలో క్రియ చివరికి పోవాలి: “వైల్ ఇష్ క్రాంక్ వార్.” (మాటల్లో జర్మన్లే ఈ నియమం తప్పుతుంటారు, కానీ పరీక్ష పేపర్లో మార్కు పోతుంది.) ఇప్పుడు టీచరమ్మ ముందు దారులు కొన్ని ఉన్నాయి. “ఆఁ, వైల్ ఇష్ క్రాంక్ వార్” అని తానే సరిచేసి చెప్పి ముందుకు పోవచ్చు. ఆ అమ్మాయికి అది తన మాటకు ‘ఊ’ కొట్టినట్టే వినబడుతుంది, తల ఊపి కూర్చుంటుంది. “పర్లేదమ్మా, ప్రయత్నించావు, అదే చాలు” అనవచ్చు. లేదా “వైల్ తర్వాత క్రియ ఎక్కడికి పోవాలి?” అని అడిగి, తరగతి నిశ్శబ్దంగా ఉన్నా సరే కాసేపు ఆగవచ్చు. అమ్మాయి ఒకటికి రెండుసార్లు తడబడి తానే సరిగ్గా చెబుతుంది. ఆపైన “తెలుగులో మనం క్రియ ఎక్కడ పెడతాం?” అని అడిగితే ఇంకా మంచిది. క్రియను వాక్యం చివర పెట్టడం ఆమెకు పుట్టినప్పటి నుంచీ అలవాటే. ఇంగ్లిష్ మీదుగా జర్మన్ నేర్చుకోవడం వల్లనే అది మరుగున పడింది.

మొదటి దారే తరగతుల్లో ఎక్కువ నడుస్తుందని రాయ్ లిస్టర్, లీలా రాంటా 1997లో చూపారు. మాంట్రియల్ ప్రాంతంలో ఫ్రెంచ్‌లో చదువుకునే ఇంగ్లిష్ పిల్లల నాలుగు తరగతుల్లో 18 గంటలకు పైగా రికార్డింగులు పరిశీలించారు. టీచర్లు చేసిన దిద్దుబాట్లలో 55 శాతం తామే సరిచేసి చెప్పేసినవి. వాటికి పిల్లలు ఏదో ఒక రకంగా స్పందించింది 31 శాతం సార్లే. పిల్లల చేతే చెప్పించే ప్రశ్నలకు ప్రతిసారీ స్పందన వచ్చింది. అప్పటికప్పుడు స్పందించడం, భాష ఒంటబట్టడం ఒకటి కాదు. సరిచేసి చెప్పడం కూడా కొన్ని సందర్భాల్లో మేలు చేస్తుందని తర్వాతి పరిశోధనల్లో ఉంది. అయినా మన చర్చకు ఇందులో పనికొచ్చేది ఉంది. “తప్పులు చేస్తేనే వస్తుంది” అని గోడ మీద రాసిపెట్టిన తరగతిలో తప్పును తానే దిద్దుకునే అవకాశం విద్యార్థికి రోజుకు ఎన్నిసార్లు వస్తోంది? ఒక్కసారీ రాకపోతే ఆ గోడ మీది మాటను ఆమె ఎందుకు నమ్మాలి?

అమెరికాలో విదేశీ భాషలు చదివే విశ్వవిద్యాలయ విద్యార్థుల మీద మొస్తఫా పాపీ బృందం 2019లో ప్రచురించిన పని దీనికి మరో వైపు చూపిస్తుంది. భాషా సామర్థ్యం పెరుగుతుందని నమ్మేవారు నేర్చుకోవడం మీద గురి పెడతారు, టీచర్ దగ్గరికి వెళ్లి “ఇది సరిగ్గా ఉందా?” అని అడగడానికి ముందుకొస్తారు. నమ్మకం భాషగా మారే దారి ఉంటే అది బహుశా ఇదే: అడగడం, దిద్దించుకోవడం, తిరిగి రాయడం. ఇది పరస్పర సంబంధమే తప్ప కారణం అని తేల్చి చెప్పలేం. బాగా దిద్దే టీచర్ దొరికినవారిలోనే ఆ నమ్మకం పుట్టి ఉండవచ్చు కూడా.

రెండో దారి, అంటే ఓదార్పు, అన్నిటికన్నా మంచిగా కనిపిస్తుంది గానీ దాని మీదే నాకు అనుమానం ఎక్కువ. రత్తన్, కేథరిన్ గుడ్, డ్వెక్ 2012లోనే చేసిన మరో అధ్యయనం లెక్కల గురించి. “అందరికీ లెక్కలు రావాలని ఏముంది, పర్లేదు” అని ఓదార్చిన టీచర్ తమ మీద ఆశ వదిలేశారని విద్యార్థులు గ్రహించారు, తమకొచ్చే మార్కుల అంచనానూ తగ్గించుకున్నారు. ఏ మెళకువ వాడాలో చెప్పిన టీచర్ విషయంలో అలా జరగలేదు. డ్వెక్ కూడా 2015లో తన ఆలోచన వక్రీకరణకు లోనవుతోందని రాశారు. ఫలితం రాకపోయినా కష్టాన్ని పొగిడి ఊరుకోవడం గ్రోత్ మైండ్‌సెట్ కాదని, విద్యార్థి ఆగిపోయిన చోట కొత్త పద్ధతి చూపించాలని ఆమె మాట. కష్టపడుతూనే ఉన్న అమ్మాయికి “ఇంకా కష్టపడు” అని చెప్పడం సలహా కాదు, నింద.

భయం సంగతి కొంచెం. విదేశీ భాషా తరగతిలో పుట్టే ఆందోళనను ఎలైన్ హార్విట్స్, సహచరులు 1986లో 33 ప్రశ్నల కొలమానంతో కొలిచారు. అది మామూలు పరీక్షా భయం కన్నా వేరని, నలుగురిలో నోరు విప్పాల్సి రావడంతో ముడిపడిందని అన్నారు. లూ, నోయెల్స్ 2020లో ప్రచురించిన పనిలో మైండ్‌సెట్ సందేశం వల్ల మేలు కనిపించింది ఇంగ్లిష్ తక్కువ వచ్చిన వలస విద్యార్థుల్లో. ఇది యేగర్ ఫలితంతో సరిపోతుంది. సందేశం అవసరమున్నది వెనక బెంచీకే. ఇప్పటికే ధీమాగా మాట్లాడుతున్న వాళ్లను కూర్చోబెట్టి మైండ్‌సెట్ ప్రసంగం వినిపించడం వృథా.

గంటల లెక్క

నమ్మకం గురించి మాట్లాడేటప్పుడు సమయం గురించి మాట్లాడకపోవడం ఈ రంగంలో పెద్ద లోపం. అమెరికా దౌత్యవేత్తలకు భాషలు నేర్పే ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ ఇంగ్లిష్ మాట్లాడేవారికి జర్మన్ రావడానికి 36 వారాలు, జపనీస్‌కు 88 వారాలు, అంటే 2,200 తరగతి గంటలు పడుతుందని చెబుతుంది. అదే పట్టికలో తెలుగుకు 44 వారాలు. ఏరి ఎంచుకున్న, జీతం తీసుకుంటూ రోజంతా చదివే పెద్దవాళ్ల లెక్క ఇది. జర్మన్ పరీక్షలు నిర్వహించే గోథె ఇన్‌స్టిట్యూట్ బి2 పరీక్షకు 45 నిమిషాల తరగతులు 600 నుంచి 800 దాకా సూచిస్తుంది. కోచింగ్ సెంటర్ కొన్ని నెలల్లోనే బి2 అని చెప్పి ఈ లెక్కలో సగం కూడా నేర్పకపోతే, ఆగిపోయిన విద్యార్థి తన బుర్రనే అనుమానిస్తుంది. తప్పు క్యాలెండర్‌లో ఉంది.

సమయానికి ఉన్న బలానికి మన దగ్గరే మంచి సాక్ష్యం ఉంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 180 గ్రామాల్లో, 2008లో మొదలైన ప్రయోగంలో, లాటరీ తీసి కొందరు పిల్లలకు ప్రైవేటు బడికి వెళ్లడానికి ఓచర్లు ఇప్పించారు. నాలుగేళ్ల తర్వాత తెలుగులో, లెక్కల్లో ప్రభుత్వ బడి పిల్లలతో తేడా లేదు. హిందీలో మాత్రం ఓచర్ పిల్లలు చాలా ముందున్నారు. ప్రైవేటు బడులు తెలుగు, లెక్కల గంటలు తగ్గించి హిందీకి ఇచ్చాయి, ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో హిందీ లేదు. హిందీ విదేశీ భాష కాదన్నది నిజమే. అయినా ఇంట్లో వినబడని భాషను ఆ పిల్లలు నేర్చుకున్నారు, వాళ్ల నమ్మకాలను ఎవరూ మార్చకుండానే.

కొలిచేవారికి, ఫీజు కట్టేవారికి

“మా వర్క్‌షాప్ తర్వాత ఉత్తీర్ణత పెరిగింది” అనే ప్రకటనలను ఎలా చదవాలో ఒక చిన్న లెక్క చెబుతుంది. 0.1 ప్రామాణిక విచలనం తేడాను, అంటే ఈ పరిశోధనల్లో కనిపించే పాటి ప్రభావాన్ని, మామూలు గణాంక కొలతల ప్రకారం నమ్మకంగా పట్టుకోవాలంటే ఒక్కో వైపు దాదాపు 1,570 మంది కావాలి. ముప్పై మంది చొప్పున రెండు బ్యాచ్‌లు పోల్చి చూపించిన తేడా మైండ్‌సెట్ వల్ల వచ్చిందో, టీచర్ వల్ల వచ్చిందో, ఆ ఏడు చేరినవాళ్లు చురుకైనవాళ్లు కావడం వల్ల వచ్చిందో చెప్పలేం. పెద్ద ఎత్తున శిక్షణ ఇచ్చే ప్రభుత్వ సంస్థలకు మాత్రం ఆ సంఖ్య అందనిది కాదు. బ్యాచ్‌లను లాటరీతో విడదీసి, కొన్నిటికి గంట మైండ్‌సెట్ పాఠం, మరికొన్నిటికి దిద్దిన పేపరును తిరిగి రాయించే నియమం, ఇంకొన్నిటికి రెండూ ఇచ్చి, పరీక్ష మార్కులే కొలతగా పెట్టుకోవచ్చు. ఖర్చయ్యేది ఎక్కువగా ఓపికే. రెండో గుంపు గెలుస్తుందని నా పందెం, అది తప్పని తేలినా ఆ ఫలితం పనికొస్తుంది.

గోథె బి1, బి2 పరీక్షల్లో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం నాలుగు వేర్వేరు మాడ్యూళ్లు. ఒక్కోదానికి వందకు అరవై వస్తే ఉత్తీర్ణత, పోయిన మాడ్యూల్ ఒక్కటే మళ్లీ రాసుకోవచ్చు. కాబట్టి “జర్మన్ రాలేదు” అని ఇంటికి వచ్చిన అమ్మాయికి నిజానికి రాకుండా పోయింది వినడం ఒక్కటే అయి ఉండవచ్చు. ఇళ్లల్లో ఈ సంగతి తెలియకే కొందరిని పెళ్లికో, ఊళ్లో ఉద్యోగానికో మళ్లిస్తున్నారు.

అందుకే మైండ్‌సెట్ శిక్షణ కూడా ఇస్తామని చెప్పే సెంటర్లో ఫీజు కట్టే ముందు కొన్ని ప్రశ్నలు అడగండి. బి2 దాకా మొత్తం ఎన్ని గంటలు నేర్పుతారు? మా పిల్ల రాసిన ఉత్తరాన్ని ఎవరు దిద్దుతారు, ఎన్ని రోజుల్లో, తిరిగి రాయిస్తారా? ఒక మాడ్యూల్ పోతే దానికి మాత్రమే తర్ఫీదు ఇస్తారా, లేక మళ్లీ మొత్తం ఫీజు కట్టమంటారా? జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి.